ఇంటికీ ఇంటికీ మధ్య

అంట్లు తోమితే డబ్బు, ఇల్లు తుడిస్తే డబ్బు. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి నడిచే గంట మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

పొద్దున ఆరింటికి బోరబండలో బయల్దేరుతుంది ఆమె. మోతీనగర్‌లో ఒక ఇల్లు, కళ్యాణ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే రెండు, తర్వాత వెంగళరావునగర్, చివరికి యూసుఫ్‌గూడ. మొత్తం ఐదిళ్లు. మా ఇంట్లో ఎనిమిదేళ్ల నుంచి చేస్తోంది. ఈ ఎనిమిదేళ్లలో ఆమెను మా వంటింటి బయట చూసింది తక్కువే. మొన్నొక బుధవారం ఆఫీసుకు సెలవు పెట్టి, చేతికి వాచీ కట్టుకుని ఆమె వెంట తిరిగాను.

మోతీనగర్ ఇంటి నుంచి మా వీధికి నడక పదమూడు నిమిషాలు. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయికి నంబరు చెప్పాలి, వాడు ఫోన్‌లో కొట్టాలి, మా ఫోన్లలో ‘మీ పనిమనిషి లోపలికి వచ్చారు’ అని మోగాలి. ఆ తర్వాత లిఫ్టు. మాకు రెండున్నాయి. పనివాళ్లు ఎక్కాల్సింది వెనక ఉన్నదే. పొద్దున పూట అందులో చెత్తబుట్టలు, నీళ్ల క్యాన్లు, పేపరు కుర్రాడు. మొదటిసారి నిండిపోయి వెళ్లిపోయింది, రెండోసారి ఎక్కగలిగాం. అంతా కలిపి పద్దెనిమిది నిమిషాలు. ఎదురింటి పని అయ్యాక మా ఇంట్లోకి రావడానికి రెండడుగులు చాలు. కానీ రోజూ ఆ సమయానికి నేను పూజలో ఉంటాను, తలుపు తీయను. ఆమె మెట్ల మీద కూర్చుంటుంది. ఆ రోజు మా ఆయన్ని పూజలో కూర్చోబెట్టి నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. తొమ్మిది నిమిషాలు. మెట్లు చల్లగా ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా ఆ తొమ్మిది నిమిషాలు నా ఖాతాలోవే.

మా ఇంటి నుంచి వెంగళరావునగర్‌కు ఇరవై రెండు, అక్కడి నుంచి యూసుఫ్‌గూడకు ఇరవై ఒకటి. అన్నీ కలిపితే డెబ్బై నిమిషాలు. ఆమెకు నెలలో రెండు సెలవులు. ఇరవై ఎనిమిది రోజులకు ముప్ఫై రెండు గంటల నలభై నిమిషాలు. ఎనిమిది గంటల పనిదినాలు నాలుగు, పైన ఇంకొంచెం. బోరబండ నుంచి మొదటి ఇంటికి రావడం, చివరి ఇంటి నుంచి వెనక్కి పోవడం ఇందులో కలపలేదు.

దారిలో అడిగాను, ఈ నడకకు ఎవరైనా డబ్బిస్తారా అని. నవ్వింది. ‘ఇల్లు ఊడిస్తె ఇస్తరమ్మా, రోడ్డు నడిస్తె ఎవరిస్తరు?’

ఎవరిస్తారన్న ఆ ప్రశ్న మీద అమెరికాలో ఎనభై ఏళ్ల కిందటే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. వెళ్లింది ఇళ్లు తుడిచేవాళ్లు కాదు, అలబామా రాష్ట్రంలో ఇనుప ఖనిజం తవ్వే కార్మికులు. గని వాకిట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి తవ్వే చోటికి చేరేదాకా భూమి లోపల చాలా దూరం. కొంత డబ్బాల్లో కిక్కిరిసి దిగడం, కొంత చీకట్లో వంగి నడవడం. యజమానులు తవ్వకానికే కూలి కట్టేవారు. 1944లో కోర్టు ఆ ప్రయాణం కూడా పనేనంది. సింగరేణి బావుల్లో దిగినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు. 1946లో మిచిగాన్‌లోని ఒక కుండల ఫ్యాక్టరీ కేసులో, గేటు నుంచి పనిబల్ల దాకా నడిచే సమయానికీ అదే మాట అనేసరికి దేశమంతా పాత బకాయిల దావాలు వెల్లువెత్తాయి. యజమానులు గగ్గోలు పెట్టారు. 1947 మేలో అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టం తెచ్చి, పని మొదలవక ముందు పనిచోటికి వచ్చే నడకను, పని అయ్యాక తిరిగి వెళ్లే నడకను లెక్కలోంచి తీసేసింది.

అయితే ఆ చట్టం కోసింది రోజుకున్న రెండు కొసలనే. నడిమి భాగం జోలికి పోలేదు. ఈ పూట మొదటి పని మొదలుపెట్టాక, చివరి పని ముగించేలోగా ఒకే యజమాని కోసం ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్తే ఆ సమయం పని గంటల్లోకే వస్తుంది. అమెరికా కార్మిక శాఖ నిబంధన ఇప్పటికీ ఇదే.

అమెరికాలో ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు ఈ దృశ్యం చూసే ఉంటారు. పదిహేను రోజులకోసారి కారులోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు దిగుతారు. వాక్యూమ్ క్లీనర్, బకెట్, సీసాలు. రెండు గంటల్లో ఇల్లు అద్దంలా చేసి ఇంకో ఇంటికి పోతారు. వాళ్లు ఒక క్లీనింగ్ కంపెనీ ఉద్యోగులైతే, ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి కారులో గడిపిన అరగంట కూడా డ్యూటీయే. పొద్దున ఆఫీసుకు వచ్చి సామాన్లు తీసుకెళ్లమంటే, ఆఫీసు నుంచి మొదటి ఇంటికి వెళ్లేది కూడా డ్యూటీయే. వారంలో ముప్ఫై ఎనిమిది గంటలు తుడిచి, ఐదు గంటలు ఇళ్ల మధ్య తిరిగారనుకోండి, లెక్క నలభై మూడు గంటలు. నలభై దాటిన మూడింటికీ ఒకటిన్నర రెట్లు కట్టాలి. తమ ఇంటి నుంచి నేరుగా మొదటి ఇంటికి వచ్చే సమయానికి మాత్రం ఏమీ రాదు.

కాగితం మీద ఇంత బాగుంది కదా అని మురిసిపోనక్కర్లేదు, చిల్లులున్నాయి. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచీ కదల్లేదు. దాన్ని వారం మొత్తం మీద సగటు చూసి లెక్కగడతారు. గంటకు పన్నెండు డాలర్ల చొప్పున ముప్ఫై రెండు గంటలు తుడిచిన మనిషికి 384 డాలర్లు. ఆరు గంటల ప్రయాణానికి సున్నా ఇచ్చినా, ముప్ఫై ఎనిమిది గంటల మీద సగటు పది డాలర్లు దాటుతుంది. కనీస వేతనం కింద కంపెనీని పట్టుకోలేరు. ఇంకో చిల్లు దీనికంటే పెద్దది: ‘మీరు ఉద్యోగి కారు, స్వతంత్ర కాంట్రాక్టరు’ అని సంతకం పెట్టించుకోవడం. నిజానికి కాగితం మీద ఏం రాసుకున్నారన్నది కాదు, పని ఎలా నడుస్తోందన్నది చూడాలి. కానీ ఆ వాదన వినిపించడానికి కోర్టుకెక్కాలి. చేతిలో బకెట్టున్న మనిషికి అంత తీరికెక్కడిది?

బ్రిటన్‌లో కనీస వేతన నిబంధనలు కూడా ఒక పనిచోటి నుంచి ఇంకో పనిచోటికి వెళ్లే సమయాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. యూరప్ ఇంకో అడుగు ముందుకేసింది. స్పెయిన్‌లో అలారాలు బిగించే ఒక కంపెనీ తన ప్రాంతీయ ఆఫీసులు మూసేసి, సిబ్బందిని ఇంటి నుంచే రోజుకో ఊరికి పంపింది. 2015 సెప్టెంబరులో యూరోపియన్ కోర్టు, స్థిరమైన పనిచోటు లేనివాళ్లకు ఇంటి నుంచి మొదటి కస్టమర్ దగ్గరికి వెళ్లేది, చివరి కస్టమర్ నుంచి ఇంటికి వచ్చేది కూడా పని సమయమేనని తేల్చింది. దానికి ఎంత కట్టాలన్నది మాత్రం ఆయా దేశాల చట్టాలకే వదిలేసింది.

ఇక మన సంగతి. ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చిన తొలి రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, 2007లో. ఆ మాట మా ఐదిళ్లలో ఎవరికీ తెలియదు, నాతో సహా. ఇంటిపనివాళ్ల హక్కుల కోసం 2011లో జెనీవాలో చేసిన అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం ఇంకా ఆమోదించలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఒక ఆసక్తికరమైన మాటుంది. ఉద్యోగి ఇంటి నుంచి పనికి వస్తున్నప్పుడో, తిరిగి వెళ్తున్నప్పుడో ప్రమాదం జరిగి, దానికి పనితో సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగినట్టే లెక్క. అంటే దారిలో కాలు విరిగితే అది పని. విరగకపోతే ఉత్త నడక.

ఫ్రీ బస్సుంది కదా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. దాని మేలు తక్కువేం కాదు, ఆమె చెల్లెలు దానివల్లే దూరంగా రెండిళ్లు ఎక్కువ పట్టింది. కానీ టికెట్ వేరు, టైం వేరు. ప్రభుత్వం కట్టింది టికెట్. రెండిళ్లు పెరిగాయంటే మధ్యలో పోయే టైమూ పెరిగినట్టే.

ఐదిళ్లు ఐదుగురు యజమానులవి కదా, మధ్యలో రోడ్డుకు ఎవరు బాధ్యులు? ఇది తీసేయదగ్గ ప్రశ్న కాదు. అమెరికా నిబంధన కూడా సంబంధం లేని ఇద్దరు యజమానుల మధ్య ప్రయాణాన్ని ఎవరి నెత్తినా వేయదు. ఇంతకాలం మనకున్న సాకు అదే, అది కొంతవరకు న్యాయమైనదే. కానీ ఇప్పుడు ఊళ్లో పది పదిహేను నిమిషాల్లో మనిషిని పంపిస్తామనే యాప్‌లు వచ్చాయి. ఏ ఇంటికి, ఏ దారిన, ఎన్నింటికి వెళ్లాలో ఒకే కంపెనీ చెబుతుంది. మనిషి ఎక్కడుందో ఫోన్‌లో చుక్కగా చూపిస్తుంది. ఐదిళ్లకూ యజమాని ఒక్కరే అయినప్పుడు, ఆ చుక్క కదిలినంతసేపూ కూలి ఎందుకు కదలకూడదు? బుక్ చేసుకునేవాళ్లం కనీసం ఆ ముక్క అడగొచ్చు.

పాతకాలపు ఏర్పాటులో కూడా లెక్క అసాధ్యం కాదు. మా గేటు యాప్‌లో ఆమె ఎన్నింటికి లోపలికొచ్చింది, ఎన్నింటికి బయటికెళ్లింది, నెలలన్నీ నిమిషాలతో సహా ఉన్నాయి. ఇన్నాళ్లూ దాన్ని చూసింది ఆలస్యంగా వచ్చిందని అడగడానికే. మా బ్లాకులో రెండిళ్లవాళ్లం కూర్చుని ఆమె వేళలు ఒకదాని వెంట ఒకటి వచ్చేలా సర్దితే మెట్ల మీది ఆ తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి పెట్టాను. బొటనవేలు గుర్తులు మూడు వచ్చాయి, అంతే. వెనక లిఫ్టు బాగుచేయించమని ఒకాయన మాత్రం గట్టిగా అడిగాడు. ఆయన కుక్కను అందులోనే తీసుకెళ్తాడు లెండి.

ఒకటో తారీఖున జీతంతో పాటు మూడు వందలు ఎక్కువిచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టి ‘ఇవి దేనికమ్మా?’ అంది.

‘నడకకు. మెట్ల మీద కూర్చున్నదానికి.’

నోట్లు మడిచి రవికలో దోపుకుంది. గుమ్మం దాటి మళ్లీ వెనక్కి తిరిగి, ఎదురు తలుపు వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించింది.

‘ఎదురింటమ్మకు చెప్పకమ్మా. రేటు పెంచిందని నీతోని లొల్లి పెట్టుకుంటది.’