అరేలిస్ట్‌లో సొంత ఆబ్జెక్టులు

బడి పలకలకు పేరున్న మార్కాపురంలో ఒక యూనిట్ కోసం జావాలో లెక్కల ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. ‘పలక’ అనే క్లాసులో పొడవు, వెడల్పు, ధర ఉంటాయి. పలకలన్నిటినీ ఒక అరేలిస్ట్‌లో ఉంచాలి.

2004లో వచ్చిన జావా 5కు ముందు, లిస్టుకు తనలో ఉన్నవి ఏ రకానివో తెలిసేది కాదు. దానికి అన్నీ ‘ఆబ్జెక్ట్’లే. పలకల మధ్య పొరపాటున కొనుగోలుదారు పేరు, అంటే ఒక స్ట్రింగ్, చేర్చినా కంపైలర్ అభ్యంతరం చెప్పేది కాదు. తీరా మొత్తం ధర కూడేటప్పుడు, ఆ స్ట్రింగ్‌ను పలకగా క్యాస్ట్ చేయబోయిన చోట, క్లాస్‌క్యాస్ట్ ఎక్సెప్షన్‌తో ప్రోగ్రాం ఆగిపోయేది. తప్పు జరిగిన వరుస ఒకటి, బయటపడిన వరుస మరొకటి. వేల వరుసల ప్రోగ్రాంలో దాన్ని వెతకడం ఎంత పనో ఊహించండి.

జెనెరిక్స్ వచ్చాక, అరేలిస్ట్ పక్కన కోణపు బ్రాకెట్లలో ‘పలక’ అని రాస్తాం. ఇక స్ట్రింగ్‌ను చేర్చే వరుస అసలు కంపైల్ కాదు. బయటికి తీసినది నేరుగా పలకే, క్యాస్ట్ అక్కరలేదు.

అయితే కంపైలర్ చూసేది రకాన్నే. ఒకే కొలతలు, ఒకే ధర గల రెండు పలకలు సమానమని అది తనంతట తాను గ్రహించదు. ‘పలక’ క్లాసులో ‘ఈక్వల్స్’ మెథడ్‌ను మీరు తిరిగి నిర్వచించకపోతే, అదే కొలతలతో కొత్త పలకను సృష్టించి ‘కంటైన్స్’తో వెతికితే ‘ఫాల్స్’ అనే వస్తుంది.