పైన గడియారం... కింద శిలువలు

గంట కొట్టే వేళైతే చాలు... చెక్ రాజధాని ప్రాగ్‌లోని ఓల్డ్‌టౌన్ స్క్వేర్‌లో అందరి తలలూ పైకి లేస్తాయి. 1410 నాటి ఖగోళ గడియారం అది. అస్థిపంజరం బొమ్మ గంట మోగిస్తుంటే, పై కిటికీల్లోంచి పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు ఒక్కొక్కటే తొంగిచూసి వెళ్లిపోతాయి. కాళ్లకింద ఏముందో మాత్రం చాలామంది చూడరు.

అక్కడికి నాలుగడుగుల్లోనే, టౌన్‌హాలు పక్కన నేలమీద పరిచిన రాళ్లలో 27 తెల్లని శిలువ గుర్తులున్నాయి. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మీద తిరగబడి ఓడిన 27 మందిని 1621 జూన్ 21న ఇక్కడే జనం ముందు చంపించారు. వారిలో యాన్ యెసెనియస్ పేరుమోసిన వైద్యుడు. 1600లో ఇదే నగరంలో అందరిముందూ శవాన్ని కోసి శరీర నిర్మాణాన్ని వివరించినవాడు. తిరుగుబాటుదారుల తరఫున రాయబారిగా వెళ్లాడు. అందుకే కాబోలు, తల నరికేముందు నాలుక కోశారు!

గడియారం ఆట అయ్యాక జనం పల్చబడతారు. శిలువలు లెక్కపెట్టుకోవడానికి అదే అదను.