పరిణామ సిద్ధాంతం: శాస్త్రం ఎక్కడ ఆగింది, తత్వం ఎక్కడ మొదలైంది

క్రీ.శ. 1880 సంవత్సరాంతంలో హైదరాబాదులోని మద్రసా-ఎ-అఇజ్జాలో గణితం బోధించే ముహమ్మద్ వాసిల్ అనే ఉపాధ్యాయుడు, అప్పట్లో ఆ నగరంలోనే నివసిస్తున్న సయ్యిద్ జమాలుద్దీన్ అఫ్గానీ గారికి ఒక లేఖ రాశారు. ఈ రోజుల్లో ఎక్కడ చూసినా ‘నేచర్, నేచర్’ అన్న మాటే వినబడుతున్నదనీ, ‘నేచరీ’లనబడేవారు ప్రతి పట్టణంలోనూ తారసపడుతున్నారనీ, అసలు ఈ నేచర్ అంటే ఏమిటో, ఈ మార్గం ధర్మానికి అనుకూలమో విరుద్ధమో వివరించమనీ ఆ లేఖ సారాంశం. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనుచరులను ఎద్దేవా చేయడానికి ఆనాడు వాడిన పేరు అది. ప్రశ్న అడిగినవారు లెక్కల మాస్టారు కావడం మాకు ముచ్చటగా తోస్తుంది.

సమాధానంగా అఫ్గానీ ఫారసీలో ఒక చిన్న గ్రంథమే రాశారు. 1881లో అది అచ్చయింది. కొన్నేళ్ల తరువాత షేఖ్ ముహమ్మద్ అబ్దుహు దానిని అరబీలోకి తెచ్చి బీరూట్‌లో ప్రచురించగా, అరబ్బు దేశాలంతటా చదివారు. డార్విన్ పేరెత్తి ముస్లిం పండితులు చేసిన తొలి ఖండనల్లో ఒకటి ఈ విధంగా మన హైదరాబాదులో పుట్టింది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆ ఖండనలో అఫ్గానీ వాదం ఎలా సాగింది? డార్విన్ మాట నిజమైతే చిన్న కీటకం కొన్ని యుగాలకు ఏనుగు కావచ్చు, ఏనుగు మళ్లీ చిన్న కీటకం కావచ్చు అని ఆయన హేళన చేశారు. అరబ్బులు, యూదులు వేల ఏళ్లుగా ఖత్నా చేయిస్తున్నారు, అయినా పుట్టుకతోనే ఖత్నా అయిన బిడ్డ పుట్టడం లేదేమని అడిగారు. ఆయన డార్విన్ గ్రంథాన్ని స్వయంగా చదివి రాసినట్లు కనబడదు. కీటకం, ఏనుగుల మాట సభను నవ్వించడానికి పనికివచ్చేదే తప్ప సమాధానం కాదు. అయితే ఖత్నా గురించిన ప్రశ్న మాత్రం తేలికైనది కాదు. జీవితకాలంలో శరీరానికి కలిగిన మార్పు సంతానానికి సంక్రమిస్తుందన్నది ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ పేరుతో ప్రసిద్ధమైన భావన. ఆ దశాబ్దంలోనే జర్మనీలో ఆగస్ట్ వైస్మన్ ఎలుకల తోకలు తరతరాలుగా కత్తిరించి చూశారు. తోకలేని పిల్ల ఒక్కటీ పుట్టలేదు. అంటే అఫ్గానీ విసిరిన బాణం డార్విన్‌కు తగలకపోయినా లామార్క్‌కు సూటిగా తగిలింది! తరువాతి కాలంలో ఇస్తాంబుల్‌లో ఆయన సంభాషణలను నమోదు చేసిన పుస్తకంలో డార్విన్ పట్ల ఆయన స్వరం ఎంతో మెత్తబడింది. ప్రాణం పోసేవాడు అల్లాహ్ అన్న మాటను మాత్రం ఆయన వదలలేదు.

అసలు అఫ్గానీ ఆందోళన జీవశాస్త్రం గురించి కాదు. మనిషి తాను జంతువు మాత్రమేననీ, తనను ప్రశ్నించేవాడెవడూ లేడనీ నమ్మితే సిగ్గు, నిజాయితీ, అమానతు అనే గుణాలు సమాజంలో ఎలా నిలుస్తాయన్నదే ఆయన బాధ. ఈ బాధను, జీవజాతుల పుట్టుక గురించిన పరిశోధనను ఆయన ఒకే మూటగా కట్టారు. ఆ మూటను మనం ఈనాటికీ విప్పలేదని మా అభిప్రాయం.

కనుక ముందు శాస్త్రం చెప్పినదేమిటో చూద్దాం. 1859లో చార్లెస్ డార్విన్ ప్రచురించిన గ్రంథం సారం ఇది: ఏ జీవజాతిలోనూ సంతానమంతా ఒకే తీరుగా ఉండదు. పుట్టిన వాటన్నిటికీ బ్రతికే అవకాశం ఉండదు. పరిసరాలకు ఏ తేడా అనుకూలిస్తే ఆ తేడా ఉన్నవి ఎక్కువగా మిగిలి, ఎక్కువగా పిల్లలను కంటాయి. తరాలు గడిచేకొద్దీ జాతి స్వరూపమే మారుతుంది. దీనినే ప్రకృతి వరణం అన్నారు. తేడాలు తరం నుంచి తరానికి ఎలా అందుతాయో డార్విన్‌కు తెలియదు. ఆ నియమాలను 1866లోనే ప్రకటించినవాడు మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. ఆయన కృషిని లోకం 1900 దాకా పట్టించుకోలేదు.

ఇది పుస్తకాలకే పరిమితమైన విషయం కాదని మన పత్తి రైతులకు బాగా తెలుసు. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించింది. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన ఆ మొక్కను కొరికిన కాయతొలుచు పురుగు చచ్చేది. కానీ లక్షల పురుగుల్లో ఎక్కడో కొన్నింటికి ఆ విషాన్ని తట్టుకునే గుణం ఉంటుంది. మిగతావి చావగా అవే మిగిలాయి, అవే జతకట్టాయి. పదిహేనేళ్లు తిరగకముందే గులాబీరంగు పురుగు బీటీ కాయల్లోనే హాయిగా కాపురం పెట్టింది. ఇలా జరుగుతుందని శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం వేరే పొట్లంలో పెట్టి, పొలం చుట్టూ వేయమన్నారు. అక్కడ బ్రతికిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో జతకడితే ఆ గుణం పలచబడుతుందని వారి లెక్క. ఆ పొట్లాన్ని గట్టున పడేసినవారే ఎక్కువ. ఆస్పత్రుల్లో కొన్ని యాంటీబయాటిక్ మందులు పనిచేయకుండా పోవడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

‘పురుగు చివరికి పురుగుగానే ఉంది కదా’ అని అడిగేవారున్నారు. నిజమే, ఈ ఉదాహరణ ప్రకృతి వరణాన్ని చూపుతుందే తప్ప జీవజాతులన్నిటి బంధుత్వాన్ని చూపదు. ఆ రెండవ మాటకు శాస్త్రజ్ఞులు శిలాజాలను, శరీర నిర్మాణాన్ని, జన్యువుల పోలికలను ఆధారంగా చూపుతారు. జీవశాస్త్రజ్ఞులలో అత్యధికులు దానిని స్థిరపడిన విషయంగా ఎంచుతారు. ‘సిద్ధాంతం’ అన్నారు కాబట్టి ఊహేనని తోసిపుచ్చడం ఆ శాస్త్రంలో ఆ పదానికున్న అర్థం తెలియకపోవడమే.

ఇక తత్వం దగ్గరకు వద్దాం. ఇదే సిద్ధాంతాన్ని డార్విన్‌తో సంబంధం లేకుండా కనుగొన్న మరొకరు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్. మలయ్ ద్వీపాల్లో పక్షులను, కీటకాలను సేకరిస్తూ 1858లో ఆయన పంపిన వ్యాసం చూశాకే డార్విన్ తన భావాలను బయటపెట్టక తప్పలేదు. (ఆ సేకరణలో వాలెస్‌కు కుడిభుజంగా నిలిచినవాడు సరావాక్‌కు చెందిన అలీ అనే మలయ్ యువకుడు. వాలెస్ పేరుతో ప్రసిద్ధమైన ఒక అరుదైన పక్షిని తొలుత పట్టి తెచ్చింది అతడే. చరిత్ర పుస్తకాల్లో అతనికి దక్కిన చోటు బహు తక్కువ.) అయితే మనిషి మేధస్సు, నైతిక స్పృహ ప్రకృతి వరణం వల్ల మాత్రమే కలిగినవి కావనీ, వాటి వెనుక ఒక ఉన్నత చైతన్యపు నడిపింపు ఉన్నదనీ 1869లో వాలెస్ రాశారు. డార్విన్ అందుకు ఎంతో నొచ్చుకున్నారు. డార్విన్ స్వయంగా తనను అజ్ఞేయవాదినని చెప్పుకున్నారు. పదేళ్ల కుమార్తె 1851లో మరణించిన దుఃఖం ఆయనను ఎంత కుంగదీసిందో ఆయన జీవితచరిత్రకారులందరూ రాశారు. ఇక అమెరికాలో డార్విన్‌ను ముందుగా సమర్థించిన వృక్షశాస్త్రజ్ఞుడు అసా గ్రే క్రైస్తవ విశ్వాసి. ఒకే సిద్ధాంతం, ముగ్గురు పండితులు, మూడు దారులు! దైవం లేడన్న తీర్పు ఆ సిద్ధాంతంలో నుంచి దానంతట అదే రాలేదని ఇంతకంటే ఎలా చెప్పాలి? ఎలా జరిగిందన్నది శాస్త్రం అడిగే ప్రశ్న. ఎవరు జరిపించారన్నది సూక్ష్మదర్శినికి అందేది కాదు. అందదు కాబట్టి లేడనడం శాస్త్రం కాదు, అదీ ఒక విశ్వాసమే.

సంస్కృతి మీద పడిన ప్రభావం మాత్రం మనం ఎక్కువగా ఆలోచించవలసిన విషయం. ‘యోగ్యమైనదే మిగులుతుంది’ అన్న ప్రసిద్ధ నినాదం డార్విన్‌ది కాదు, 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ వాడిన మాట. డార్విన్ దానిని తరువాత తన గ్రంథంలోకి తీసుకున్నారు. పురుగులకు, పక్షులకు సంబంధించిన ఆ మాటను మనుషులకు అంటగట్టగానే పేదవాడి పేదరికం, బానిస జాతి బానిసత్వం ప్రకృతి ఇచ్చిన తీర్పులైపోయాయి. డార్విన్ బానిసత్వాన్ని అసహ్యించుకున్నారు, మానవులందరిదీ ఒకే మూలమని వాదించారు. ఈ న్యాయం ఆయనకు చేయాలి. కానీ 1871 నాటి గ్రంథంలో నాగరిక జాతులు అనాగరిక జాతులను తుడిచిపెడతాయని రాసిందీ ఆయనే. ఆయన బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో ‘యూజెనిక్స్’ అన్న పదాన్ని సృష్టించారు. ఎవరు పిల్లలను కనాలో, ఎవరు కనరాదో తేల్చే విద్య అది.

1906లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో, కోతుల బోనులో, ఒరాంగుటాన్ పక్కన కాంగో దేశపు మనిషిని నిలబెట్టారు. అతని పేరు ఓటా బెంగా. జనం గుంపులు గుంపులుగా వచ్చి చూశారు. నల్లజాతి క్రైస్తవ బోధకులు వీధికెక్కి నిరసించాక గానీ ఆ ప్రదర్శన ఆగలేదు. స్వదేశం చేరే దారి కానక అతడు 1916లో తుపాకీతో కాల్చుకుని ప్రాణం తీసుకున్నాడు. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం ‘అయోగ్యుల’కు బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసే చట్టం తెచ్చింది. 1927లో ఆ దేశపు సుప్రీంకోర్టు అటువంటి చట్టాన్నే సమర్థించింది. అరవై వేల మందికి పైగా దానికి బలయ్యారు. 1933లో హిట్లర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం దాదాపు నాలుగు లక్షల మందిని ఆ కత్తికి అప్పగించింది. ఆ తరువాత ఏం జరిగిందో లోకానికి తెలుసు. ఈ ఘోరాలు చేసినవారందరూ తమది శాస్త్రమనే చెప్పారు.

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) అరబ్బుకు అరబ్బేతరునిపై, తెల్లవానికి నల్లవానిపై తఖ్వా వల్ల తప్ప ఆధిక్యం లేదని ప్రకటించారు. జాతులు, తెగలు ఒకరినొకరు గుర్తించుకోవడానికే తప్ప గొప్పలు చెప్పుకోవడానికి కాదని దివ్యఖుర్ఆన్ బోధిస్తుంది. విచిత్రమేమంటే, శాస్త్రం పేరిట పుట్టిన జాత్యహంకారాన్ని శాస్త్రమే పడగొట్టింది. మానవుల జన్యుక్రమం 99.9 శాతం ఒక్కటే. మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు విదేశీ సహచరులతో కలిసి 2009లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఈ దేశంలోని దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన జనసముదాయాల కలయికే. పాళ్లు వేరు, అంతే. మన ఇళ్లలో పెళ్లి సంబంధాల వేళ సయ్యద్, షేక్, దూదేకుల అంటూ తూకాలు వేసేవారు ఈ అధ్యయనాన్ని, ఆ ప్రవచనాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ముస్లిం సమాజంలో మరొక ధోరణి ఉంది. డార్విన్‌కు వెయ్యేళ్ల ముందే అల్ జాహిజ్ పరిణామ సిద్ధాంతం చెప్పారని, ఇబ్నె ఖల్దూన్ కోతి ప్రస్తావన తెచ్చారని ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. బస్రా పండితుడైన జాహిజ్ ‘కితాబుల్ హయవాన్’లో జంతువులు ఒకదానినొకటి ఆహారంగా చేసుకుని బ్రతకడాన్ని అద్భుతంగా వర్ణించారు. ఇబ్నె ఖల్దూన్ ఖనిజం, మొక్క, జంతువు, మనిషి అంటూ సృష్టిలోని అంతస్తులను పేర్చి చూపారు. అవి అంతస్తులే గాని వంశవృక్షం కాదు. పూర్వికుల నిజమైన ఘనత చాలినంత ఉండగా లేనిది అంటగట్టనక్కరలేదు.

మాకు ఎక్కువ ఉపకరించేది లెబనాన్‌లోని తరాబులుస్ పట్టణపు ఆలిమ్ షేఖ్ హుసైన్ అల్ జిస్ర్ 1888లో రాసిన ‘రిసాలా హమీదియ్యా’. పరిణామవాదులు చూపే ఆధారాలు తన కాలానికి నిశ్చయ స్థాయికి చేరలేదన్నారు ఆయన. నిశ్చయంగా రుజువైననాడు గ్రంథ వచనాలను దానికి అనుగుణంగా అన్వయించుకోవచ్చుననీ, క్షణంలో సృష్టించినా క్రమంగా సృష్టించినా సృష్టికర్త అల్లాహ్‌యేననీ స్పష్టం చేశారు. మద్రసాల్లో మేము ‘ఖతయీ’, ‘జన్నీ’ అని బోధించే భేదం ఇదే. నిశ్చయమైనది ఒకటి, ప్రబలమైన అంచనా మరొకటి. అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే ఇమామ్ గజాలీ (రహ్మలై) గ్రహణాల గురించి ఖగోళ గణితజ్ఞులు రుజువులతో చెప్పినదానిని ధర్మం పేరిట ఖండించేవాడు ధర్మానికే హాని చేస్తున్నాడని హెచ్చరించారు.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుంచి పరిణామ పాఠాన్ని తొలగించినప్పుడు వేలాది శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు నిరసించారు. మనవారిలో కొందరు లోలోపల సంతోషించారు. మేము సంతోషించలేకపోయాం. తరగతి గదిలో గురువు ఎదుట అడగవలసిన ప్రశ్న అర్ధరాత్రి ఫోనులో ఎవరినో అడిగే ప్రశ్నగా మారుతుంది, అంతే. ‘పరీక్షలో రాసెయ్, మనసులో నమ్మకు’ అని పిల్లలకు చెప్పే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. నిజం కాదని నమ్మినదాన్ని మార్కుల కోసం నిజమని రాయమనడం ఎలాంటి తర్బియత్?

మరి హజ్రత్ ఆదం (అ) సంగతి ఏమిటి? ఏ ఇంట్లోనైనా బిడ్డ అడిగేది ఇదే. అల్లాహ్ ఆయనను మట్టితో సృజించాడని, తన వైపు నుంచి ఆత్మను ఊదాడని, జ్ఞానం నేర్పాడని వహీ తెలిపింది. అది మన ఈమాన్‌లో భాగం, దాన్ని మేము ఏ ప్రయోగశాల అనుమతి కోసమూ ఆపిపెట్టం. ఆదం తప్ప మిగిలిన జీవరాశి క్రమంగా మారుతూ వచ్చిందనడానికి వహీలో అడ్డేమీ లేదన్న ఆలిములు మన కాలంలో ఉన్నారు. అంతవరకు కూడా ఒప్పుకోనివారూ ఉన్నారు. మాకు మొదటి వారి మాటే బలమైనదిగా తోస్తుంది. భూమిలో సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని అల్ అన్‌కబూత్ సూరాలో ఆజ్ఞాపించినవాడు, చూసినవారు చెప్పేది వినవద్దనలేదు. పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రులు ముందుగా ఆ పాఠాన్ని తామే చదవాలి. పాత పుస్తకాలు ఇంకా దొరుకుతున్నాయి. అది ఒక సాయంత్రపు పని.