తప్పు నాన్న చెవులది కాదు!

నాన్న ఈసారి తెనాలి నుంచి ఆక్లాండ్ వచ్చేటప్పుడు చేతిసంచిలో ఒక ఎల్పీ రికార్డు పట్టుకొచ్చారు. ఘంటసాల భగవద్గీత, హెచ్‌ఎంవీ వారిది. అమ్మ ఉన్నన్నాళ్లూ శనివారం పొద్దున్నే మా ఇంట్లో మోగింది అదే. ప్లేయరు పాడైపోయి చాలా ఏళ్లయింది. రికార్డు మాత్రం అమ్మ పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో భద్రంగా ఉంది. "యూట్యూబులో ఉంది కదా నాన్నా" అంటే, "అది అందరిదీ. ఇది మీ అమ్మది" అన్నారు.

ఇక మాట్లాడకుండా, మౌంట్ రోస్కిల్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒకాయన అమ్ముతున్న పాత టర్న్‌టేబుల్ కొన్నాను. దానికి డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ బిగించి ఉంది. "చాలా మంచిది" అన్నాడాయన. అది నిజమే. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే స్టూడియోల కోసం 1960లలో రూపొందించిన కార్ట్రిడ్జ్ అది. ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయర్ వెనక 'ఫోనో' అని రాసి ఉన్న చోట వైర్లు గుచ్చాను. పని అయిపోయిందనుకున్నాను.

"వినపడటం లేదురా" అన్నారు నాన్న. వాల్యూమ్ సగం దాటించాను. "ఇంకొంచెం పెంచు" అన్నారు. మా ఆవిడా నేనూ ముఖాలు చూసుకున్నాం. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. చెవులు మందగించాయనుకుని వినికిడి పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఆ వారమంతా ఆయనతో గట్టిగట్టిగా మాట్లాడాం. పాప అయితే "తాతయ్యా" అని అరిచేది. ఆయన భోజనాల దగ్గర మాటలు తగ్గించేశారు. రికార్డు మళ్లీ చీర ముక్కలోకి వెళ్లిపోయింది.

అపాయింట్‌మెంట్ ముందురోజు రాత్రి ఒక్క మాటన్నారు. "ఒరేయ్, ఆ పెట్టెలోంచి గుయ్‌మనే మోత నాకు బాగానే వినపడుతోంది. పాటే వినపడటం లేదు. చెవులు పోతే రెండూ పోవాలి కదా!"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్క ఎక్కడ తప్పింది?

కార్ట్రిడ్జ్ అంటే రికార్డు గాడిలో ముల్లు కదలికను కరెంటుగా మార్చే చిన్న డబ్బా. మామూలుగా ఇళ్లలో వాడేది మూవింగ్ మ్యాగ్నెట్ రకం. ముల్లుతో పాటు అయస్కాంతం కదులుతుంది. దాని నుంచి సుమారు 5 మిల్లీవోల్టులు వస్తాయి. నేను కొన్నది మూవింగ్ కాయిల్ రకం. ఇందులో కదిలేది సన్నటి తీగచుట్ట. బరువు పెరగకూడదని చుట్లు తక్కువ పెడతారు కాబట్టి వచ్చే వోల్టేజీ కూడా తక్కువే. డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు.

ఫోనో ప్రీయాంప్ పని ఈ చిన్న సంకేతాన్ని పెంచడం. ఎంత పెంచుతుందన్నదే గెయిన్. దాన్ని డెసిబెల్స్‌లో చెబుతారు. 40 డెసిబెల్స్ అంటే 100 రెట్లు, 60 అంటే 1000 రెట్లు. మా పాత యాంప్లిఫయర్‌లో ఉన్నది మూవింగ్ మ్యాగ్నెట్‌కు సరిపోయే 40 మాత్రమే. 5 మిల్లీవోల్టులు వస్తే అది 500 చేస్తుంది, హాయిగా వినపడుతుంది. 0.3 వస్తే 30 దగ్గరే ఆగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి వాల్యూమ్ పెంచితే పాటతో పాటు వైర్లలోకి చేరిన కరెంటు మోతా, యాంప్లిఫయర్ బుసా కూడా పెరుగుతాయి. నాన్నకు వినపడింది అదే.

60 డెసిబెల్స్ ఉన్న చిన్న ప్రీయాంప్ కొనుక్కొచ్చాను. ఆ తొందరలో ఇంకో తప్పు చేశాను. దాని వైర్లు కూడా 'ఫోనో'లోనే గుచ్చాను. పెంచిన సంకేతాన్నే మళ్లీ పెంచడంతో, ఘంటసాల గొంతు పగిలిన మైకులోంచి వచ్చినట్టు వచ్చింది. బయటి ప్రీయాంప్ పెడితే 'ఆక్స్' లేదా 'లైన్'లోనే కలపాలి. అక్కడికి మార్చాక, వాల్యూమ్ సగం కూడా తిప్పకుండానే గొంతు గదంతా నిండింది. ఎర్త్ వైరు బిగించాక మోత పోయింది.

కొనేముందు చూసుకోండి

విదేశాల్లో పాత టర్న్‌టేబుళ్లు కొనేవారు ముందు కార్ట్రిడ్జ్ పేరు అడగండి. అది ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తుందో కంపెనీ వివరాల్లో ఉంటుంది. ప్రీయాంప్ నుంచి 300 నుంచి 500 మిల్లీవోల్టులు వచ్చేలా చూసుకుంటే చాలు. 0.2 ఇచ్చే కార్ట్రిడ్జ్‌కు 66 డెసిబెల్స్ దాకా కావాలి. మూవింగ్ కాయిల్‌లోనే ఎక్కువ వోల్టేజీ ఇచ్చే రకాలున్నాయి. 2 మిల్లీవోల్టుల వరకు ఇచ్చేవి 40తోనే నడిచిపోతాయి.

ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకోకండి. 5 మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్‌కు 60 పెడితే పాట పైస్థాయిలో చీలిపోతుంది. ప్రీయాంప్‌లో లోడ్ మీట ఉంటే, మూవింగ్ మ్యాగ్నెట్‌కు 47 కిలో ఓమ్స్, డీఎల్-103 లాంటివాటికి 100 ఓమ్స్ దగ్గర మొదలుపెట్టండి. మీటలు మార్చేముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. మరో సంగతి, మూవింగ్ కాయిల్ రకాల్లో ముల్లు అరిగితే చాలావరకు ఇంట్లో మార్చుకోలేం. కొనేముందే ఆ ఖర్చూ లెక్కేసుకోండి.

ఇండియా నుంచి పాత ప్లేయరు తెచ్చుకునేవారికి న్యూజిలాండ్‌లో ఒక సౌకర్యం ఉంది. రెండుచోట్లా కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు మారిస్తే చాలు, వేగం మారదు. చెక్కపెట్టె ఉంటే మాత్రం విమానాశ్రయంలో తప్పక డిక్లేర్ చేయండి.

నాన్న ఏమన్నారంటే...

వినికిడి పరీక్షకు వెళ్లాం. వయసుకు తగ్గట్టు కాస్త తగ్గిందని, మిషన్ అక్కర్లేదని చెప్పారు. కారులో "తప్పు నాదే నాన్నా, మీ మాట వినిపించుకోలేదు" అన్నాను. "నువ్వూ పరీక్ష చేయించుకోవాల్సింది" అని నవ్వారు.

ఆ శనివారం పొద్దున్నే లేచేసరికి ముందుగదిలోంచి గీత వినపడుతోంది. రికార్డులో ఒకచోట గీత పడి 'టక్' మంటుంది. చిన్నప్పుడు నేను ముల్లు జారవిడిచి చేసిన గాయమది. అప్పుడు అమ్మ నన్ను కొట్టబోతే నాన్నే అడ్డుపడ్డారు. ఆ చోటు వచ్చేసరికి నాన్న నా వైపు చూశారు.