కూలర్ మూలిగితే మోటారు కాలినట్టేనా?

ఎండాకాలం మొదలవగానే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, ఎల్బీనగర్ అద్దె ఇళ్లలో మూలన పడున్న కూలర్లు బయటికొస్తాయి. స్విచ్ వేస్తే గుయ్యిమని మూలుగు, రెక్క కదలదు. మోటారు కాలిపోయిందని తేల్చేస్తాం. కానీ మూలుగుతోందంటే మోటారులోకి కరెంటు వెళ్తోందన్నమాట. వెంటనే స్విచ్ ఆపేయండి. తిరగని మోటారును అలాగే వదిలేస్తే వేడెక్కి లోపలి తీగచుట్టు (వైండింగ్) నిజంగానే కాలుతుంది.

ప్లగ్గు పీకి, రెక్కను చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోతే బుష్‌లోనో బేరింగ్‌లోనో తుప్పు, దుమ్ము చేరినట్టు. శుభ్రం చేసి నూనె వేసినా వదలకపోతే మార్చాలి. తేలిగ్గా తిరిగితే మాత్రం ముందు అనుమానించాల్సింది కెపాసిటర్‌ను. మెకానిక్‌లు కండెన్సర్ అనేది దీన్నే. ఇంటికొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు తనంతట తాను మోటారును తిప్పలేదు. మోటారులోని రెండో వైండింగ్‌లో కరెంటును కాస్త ముందుకు జరిపి, ఫలానా వైపు తిరగమని తోసేది కెపాసిటరే. ఏళ్ల తరబడి వేడికి దాని సత్తువ తగ్గుతుంది. అప్పుడు రెక్క నీరసంగా తిరుగుతుంది, లేదా అసలు కదలదు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీదున్న మైక్రోఫారడ్ల అంకె, వోల్టేజీ చూసి అదే రకం అడగండి. పెద్ద అంకె వేస్తే గాలి పెద్దగా పెరగదు, వైండింగ్ వేడెక్కుతుంది. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉండొచ్చు. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

మూలుగు కూడా లేకపోతే సాకెట్, ప్లగ్గు, స్విచ్ ముందు చూడాలి. కమురు వాసన వచ్చి, మల్టీమీటర్‌తో చూసినా వైండింగ్ తెగిందని తేలితేనే రీవైండింగ్ మాట. చుట్టేది రాగి తీగా, అల్యూమినియమా అని ముందే అడగండి.

రేకు కూలర్‌ను ముట్టుకుంటే జిల్లుమంటే ఇక ఏ పరీక్షా వద్దు. మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి, ఎర్త్ చూపించాలి. కూలర్ నడుస్తుండగానే తడి చేతులతో నీళ్లు పోసే పిల్లలను చూస్తే గుండె ఆగినంత పనవుతుంది.

పగలు బాగా తిరిగి, రాత్రి అందరి ఏసీలు ఆన్ అయ్యాక మందగిస్తే తప్పు కూలర్‌ది కాకపోవచ్చు. 230 వోల్టులు 180కి పడితే మోటారు తిప్పే బలం దాదాపు 60 శాతానికి తగ్గుతుంది. అప్పుడు పిలవాల్సింది లైన్‌మన్‌ని.