వాగొడ్డున అన్నీ పసుపు పూలే... ఏది కూర? ఏది విషం?

బతుకమ్మ దగ్గర పడుతోందంటే మన ఊళ్ల రంగే మారిపోతుంది. కామారెడ్డి జిల్లా పెద్ద కొడప్‌గల్ వైపు హైదరాబాద్-నాందేడ్ హైవే మీద ఓసారి బండి ఆపి చూడండి. ఒర్రె పక్కన, కాలువ గట్టున, పొలం ఒడ్డున ఎటు చూసినా పచ్చటి పసుపే. ఫోన్ తీసి ఒక రీల్ చేసేయాలనిపిస్తుంది. చేసేయండి, తప్పేం లేదు. కానీ అందులో కనిపించే పసుపు పూలన్నీ ఒకటి కావు. ఒకటి పొలానికి తిండి. ఒకటి మన కంచంలోకి వచ్చే కూర. ఇంకొకటి పిల్లల ప్రాణం తీసే విషం. ఇవన్నీ పక్కపక్కనే పెరుగుతాయి. వాటిని విడదీసి చెప్పేది ఒక్కటే, పేరు. ఆ పేర్లేమో ఇప్పుడు మనలో చాలామందికి తెలియవు.

అందుకే నీళ్ల దగ్గర మొదలుపెట్టి గట్టు పైదాకా ఒక రౌండ్ వేద్దాం.

నీళ్లలో: పెళ్లి బాసికం పుట్టిల్లు

చెరువు అంచుల్లో, బురదలో పెరిగే జీలుగు జాతి మొక్కలు కొన్ని ఉన్నాయి. చింతాకులాంటి చిన్న చిన్న ఆకులు, చిక్కుడు పువ్వు ఆకారంలో పసుపు పూలు. చూడ్డానికి మామూలు పిచ్చి మొక్క. కానీ కాండం లోపల తెల్లగా, దూదంత తేలికైన బెండు ఉంటుంది. పెళ్లిలో నుదుటికి కట్టే బాసికాలు చేసేది ఆ బెండుతోనే. పాత సినిమాల్లో తెల్లదొరల నెత్తిన గుండ్రటి టోపీ చూశారుగా? సోలా టోపీ అంటారు. అదీ ఈ జాతి బెండుతో చేసిందే. ఇప్పుడు చాలాచోట్ల థర్మాకోల్ వచ్చి ఆ పని చేస్తోంది.

వరి మడి గట్టు మీద, కాలువలో కనిపించే ఇంకో పువ్వుకు నాలుగే రెక్కలు. ముట్టుకుంటే రాలిపోయేంత సుకుమారం. పువ్వు కింద కాయ సన్నగా, పొడుగ్గా లవంగంలా ఉంటుంది. శాస్త్రం దీన్ని లుడ్విజియా అంటుంది. రైతుకు మాత్రం ఇది కలుపు, అంతే. అయితే ఇది కనిపించిందంటే కాళ్ల కింద తడి ఉన్నట్టే లెక్క.

మడిలో: పువ్వు పూస్తే దున్నేయాలి

జీలుగ అనగానే రైతు బిడ్డలకు గుర్తొచ్చేది పచ్చిరొట్ట. వానాకాలం ముందు సర్కారు సబ్సిడీ మీద ఇచ్చే విత్తనాల్లో ఇదొకటి. బెండు జీలుగుకు దగ్గరి చుట్టం, మొక్క వేరు. నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది, చౌడు నేలలోనూ బతుకుతుంది. దీని వేర్ల మీద చిన్న బుడిపెలుంటాయి. వాటిలోని బ్యాక్టీరియా గాలిలో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. మనం బస్తాల్లో కొనే యూరియాలో ఉండేదీ నత్రజనే.

సుమారు 45 రోజులకు, పసుపు పూలు మొదలయ్యే సమయానికి, మొక్క మంచి ఏపు మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే కలియదున్నేస్తారు. ఆలస్యం చేస్తే కాండం గట్టిపడి తొందరగా మురగదు. అంటే జీలుగ పువ్వు రైతుకు అలారం లాంటిది. పూసిందా, నాగలి కట్టాలి.

గట్టున: ఇక్కడే జాగ్రత్త

ఇక అసలు సంగతి. ఒర్రె గట్టున మోకాలెత్తు మొక్క, ఐదు రెక్కల పసుపు పువ్వు. అది తంటెం కావచ్చు. తగిరిస అనీ అంటారు. తొలకరి పడగానే లేత ఆకు తెంపి పప్పులో వేస్తారు, వేపుడు చేస్తారు. పైసా ఖర్చు లేని కూర. సరిహద్దు దాటి మహారాష్ట్రకు వెళ్తే ఇదే టాకళా, అక్కడా వానాకాలం ఇష్టంగా తింటారు.

కానీ దాని పక్కనే ఉన్నది కసివింద కూడా కావచ్చు. అదే కుటుంబం, అదే పసుపు. తేడా ఎక్కడంటే, దాని గింజల్లో పిల్లల కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీసే విషం ఉంటుంది.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏళ్ల తరబడి చలికాలం ముందు చిన్నపిల్లలు ఉన్నట్టుండి స్పృహ తప్పి చనిపోయేవాళ్లు. మెదడువాపు వైరస్ అనుకున్నారు. వైరాలజిస్టు టి. జాకబ్ జాన్, బిజ్నోర్ పిల్లల డాక్టర్ విపిన్ వశిష్ఠ తదితరులు ఆరా తీస్తే కారణం కసివింద గింజలని తేలింది. ఆ అధ్యయనం 2007లో అచ్చయింది. ఆడుకుంటూ ఆడుకుంటూ పిల్లలు ఆ కాయలు నమిలేవాళ్లు.

మరి 2016లో? మన పక్కనే, ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో కొద్ది నెలల్లోనే దాదాపు వంద మంది పిల్లలు పోయారు. అక్కడ కూడా మొదట జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు. జాకబ్ జాన్ బృందం వెళ్లి చూసి, చాలా మరణాల వెనక కసివింద ఉందని చెప్పింది. అక్కడి జనం మన తంటేన్ని చకుండ అంటారు, ఆకు కూరగా తింటారు. కసివిందను బడా చకుండ అంటారు. అంటే పెద్ద చకుండ. పేరులో ఒక్క మాటే తేడా. ఆ ఒక్క మాట పెద్దలకు తెలుసు. ఆకలేసిన ఐదేళ్ల పిల్లాడికి ఎలా తెలుస్తుంది?

ఎలా గుర్తుపట్టాలి?

తంటెం: ఒక్కో రెమ్మకు మూడు జతల ఆకులు. ఆకు కొస గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. కాయ సన్నగా, పొడుగ్గా, కొడవలిలా వంగుతుంది.

కసివింద: నాలుగైదు జతల ఆకులు. కొస సూదిగా తేలి ఉంటుంది. కాయ కాస్త బల్లపరుపుగా పైకి లేచి ఉంటుంది, ఎండితే గోధుమ రంగు, అంచులు లేత రంగు.

నలిపి వాసన చూసి తేల్చుకుందామంటే కుదరదు. రెండూ కంపే.

ఫోన్‌తో ఫోటో తీస్తే లెన్స్ చెప్పేస్తుంది కదా అంటారా? ఒక చిక్కుంది. తంటెం కూరకు పనికొచ్చేది లేత మొక్కగా ఉన్నప్పుడే. పువ్వు పూసే నాటికి కూర వయసు దాటిపోతుంది. అంటే తెంపే రోజున పువ్వూ ఉండదు, కాయా ఉండదు. ఉన్న రెండు ఆకులు చూసి చెప్పాలి. ఆ పని ఏళ్లుగా చేసిన చేతికే తెలుస్తుంది. యాప్ చూపిన పేరు నమ్మి ఏదీ వండొద్దు. ఇంటి పక్కన కసివింద ఉంటే కాయ పట్టకముందే పీకేయండి. పిల్లలు కాయలు తిన్నారని అనుమానం వస్తే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆ మొక్క రెమ్మ ఒకటి డాక్టరుకు చూపించండి.

గట్టు పైన: మన తంగేడు

తడి తగ్గి మొరం మొదలయ్యే చోట తంగేడు పొద నిలబడి ఉంటుంది. ఇదీ కసివింద కుటుంబమే, పువ్వూ అదే పోలిక. కానీ ఆకులు చిన్నవి, ఎనిమిది నుంచి పన్నెండు జతలు. కాయలు కాగితంలా పలచన. 2014 నవంబరులో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే బతుకమ్మ మీద దీనిదే పెద్దపీట. దీని బెరడుతో తోళ్లు ఊనేవాళ్లు. మరాఠీలో తరవడ్, కన్నడంలో తంగడి. మూడు రాష్ట్రాలు కలిసే ఈ జుక్కల్ ప్రాంతంలో ఒకే పువ్వును మూడు భాషల్లో పిలిచేవాళ్లు దొరుకుతారు.

వాగు ఎండాక: బలురక్కసి

చలికాలం వెళ్లి వాగులో ఇసుక తేలితే ఇంకో పసుపు పువ్వు వస్తుంది. ఆకుల నిండా ముళ్లు, తెల్లటి ఈనెలు. తెంపితే పసుపు పాలు కారతాయి. ఇది బలురక్కసి, మెక్సికో నుంచి వచ్చిన మొక్క. గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఈ నూనె కలిసిన ఆవనూనె తిని ఒళ్లు వాచి, గుండె దెబ్బతిని 60 మందికి పైగా చనిపోయారు.

ఇప్పుడు గట్ల మీద గడ్డి మందు కొడితే తంటెం, కసివింద, లుడ్విజియా అన్నీ ఒకేసారి మాడిపోతాయి. మందుకు పేర్లతో పని లేదు. మనకు మాత్రం ఉంది. ఈసారి బతుకమ్మకు పూల కోసం వెళ్లేటప్పుడు నాయనమ్మనో, పక్కింటి పెద్దమ్మనో వెంట తీసుకెళ్లండి. ఆమె ఒక్కో ఆకు పట్టుకుని ఇది ఫలానా, ఇది తినొద్దు అని చెబుతుంటే వీడియో తీయండి. పూల రీల్ కన్నా ఆ వీడియో మీ ఊళ్లో పదిమందికి పనికొస్తుంది.