గట్టు ఎన్నిసార్లు దాటాం?

ఇందుకూరుపేట మండలం నుంచి ఒక రొయ్యల రైతు అడిగారు: “గుంట దగ్గర కెమెరా పెడితే రాత్రంతా ఫోను మోగుతోంది. ఏరేటరు చిమ్మే నీళ్లకూ అలర్టే, కొంగ వాలినా అలర్టే. గట్టు మేరకే గమనించేలా జోన్ గీశాక తగ్గింది. నేను వేలితో వంకరగా గీసిన గీతకు ఏది లోపలో, ఏది బయటో దానికెలా తెలుస్తుంది?”

ఇంత మంచి ప్రశ్నను వదిలిపెట్టలేం. పాతరకం కెమెరా ముందు బొమ్మకూ తరవాతి బొమ్మకూ తేడా చూసి కదలిక అంటుంది. దానికి నీటి అలైనా దొంగైనా ఒకటే. కొత్తవి మనిషిని గుర్తుపట్టి చుట్టూ పెట్టె గీస్తాయి. ఆ పెట్టెలో ఒక బిందువు జోన్‌లో ఉందా లేదా అన్నదే అసలు లెక్క.

ఆ బిందువు నుంచి ఒకవైపుకు తిన్నగా గీత లాగి, జోన్ అంచును ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టాలి. బేసి అయితే లోపల, సరి అయితే బయట. అంతే! గుంటనే జోన్ అనుకుని, దాని నడుమ నుంచి తూర్పుకు తిన్నగా నడిచారనుకోండి. గట్టు ఒకసారి దాటితే బయటపడతారు. గుంట వంపు తిరిగి ఉంటే గట్టు దాటి, మళ్లీ దాటి గుంటలోకి దిగి, ఇంకోసారి దాటుతారు: మూడు. ఎన్ని వంపులున్నా చివరికి బయటే తేలాలి కనుక సంఖ్య బేసిగానే ఉంటుంది.

చిక్కల్లా మూలల దగ్గరే. గీత సరిగ్గా ఒక మూల మీదుగా పోతే, ఆ మూల రెండు అంచులదీ కనుక రెండుసార్లు లెక్కకొచ్చి లోపలి మనిషి బయటివాడైపోవచ్చు. అందుకే ప్రతి అంచుకూ ఒక కొసనే లెక్కలోకి తీసుకుంటారు. ఇంత చిన్న పద్ధతిలోనూ పండితులు పొరబడ్డారు. 1962లో షిమ్రాట్ అనే గణితవేత్త దీన్ని కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రికలో 112వ ఆల్గారిథమ్‌గా ప్రచురిస్తే, అదే ఏడాది డిసెంబరులో రిచర్డ్ హ్యాకర్ దిద్దుబాటు ప్రచురించాల్సి వచ్చింది.

అసలు తనను తాను దాటని మూసిన గీతకు లోపలా బయటా ఉంటాయని నిరూపించాలా? గణితవేత్త కామిల్ జోర్డాన్ 1887లో నిరూపించారు. బహుభుజుల సంగతి రుజువు లేకుండానే ఒప్పేసుకున్నారని 1905లో ఆస్వాల్డ్ వెబ్లెన్ తప్పుపట్టారు. జోర్డాన్ నిరూపణ లోపభూయిష్టమన్న మాట ఏళ్లతరబడి నిలిచిపోయింది. 2007లో థామస్ హేల్స్ మూలం చదివి, అందులో చెప్పుకోదగ్గ తప్పేమీ లేదని తేల్చారు. బహుభుజుల రుజువు ఈ బేసి, సరి లెక్కతోనే అయిపోతుంది. మన రైతు గీసిన జోన్ కూడా బహుభుజే!

ఇంతకీ ఏ బిందువును పరీక్షించాలి? పెట్టె నడిమి బిందువు పనికిరాదు. ఇవతలి గట్టు మీద నిలబడ్డ మనిషి నడుము బొమ్మలో నీళ్ల మీద పడుతుంది. కెమెరా అతను జోన్ బయట ఉన్నాడంటుంది. అందుకే చాలా వ్యవస్థలు పెట్టె అడుగు అంచు మధ్యను, అంటే పాదాల చోటును చూస్తాయి. గడ్డి పాదాలను కప్పేస్తే ఆ బిందువు పైకి జరుగుతుంది కాబట్టి జోన్ కాస్త పైకి పెంచి గీయాలి. ఏ బిందువును చూస్తుందో చెప్పకుండా కెమెరా అంటగట్టడం కొన్నవాడికి చేసే అన్యాయం.

ఇంకొకటి. జోన్ మూలలు గుర్తుండేది బొమ్మలోని పిక్సెళ్ల లెక్కలో. సముద్రపు గాలికి స్తంభం కాస్త వంగితే గీత ఉన్నచోటే ఉంటుంది, దాని కింద నుంచి గట్టు జరిగిపోతుంది. గాలివాన వెలిశాక ఒక మనిషిని గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించి, అలర్టు రాని చోట గీత మళ్లీ గీసుకోవాలి.